రైల్లో ఢిల్లీ చూసొద్దామా? టికెట్ కంటే ముందు వారం చూసుకోండి

ఢిల్లీ ట్రిప్పు అనగానే మనం మొదట చేసే పని ఫోన్ తీసి టికెట్లు ఉన్నాయా లేవా అని చూడటం. దొరికిన తేదీకి బుక్ చేసేసి, అక్కడికి వెళ్లాక ఏం చూడాలో ఆలోచిస్తాం. తీరా సోమవారం పొద్దున ఎర్రకోట ముందు ఆటో దిగితే గేటు మూసి ఉంటుంది. సరే లోటస్ టెంపుల్‌కి వెళ్దామంటే అదీ మూతే, అక్షరధామ్ కూడా అంతే. పదహారు వందల కిలోమీటర్లు వచ్చి ఒక రోజు గాల్లో కలిసిపోతుంది.

అందుకే ఈ ప్లాను తిరగేసి వేసుకుందాం. ముందు వారం, అంటే సోమ, మంగళ లాంటి రోజు. తర్వాత నెల, ఆ తర్వాత రైలు, చివర్లో టికెట్.

ఏ వారం బయల్దేరాలి

ఢిల్లీలో సోమవారం మూసేసేవి: ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం, ప్రధానమంత్రి సంగ్రహాలయ, రైల్ మ్యూజియం. జూకి మాత్రం శుక్రవారం సెలవు. ఆగ్రా కూడా కలుపుకునేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, తాజ్‌మహల్ శుక్రవారం మూత. వారమంతా తెరిచి ఉండేవి కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, ఇండియా గేట్, లోధీ గార్డెన్.

ఈ లెక్కన హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి బాగా కుదిరేది సోమవారం ఉదయం రైలెక్కడం. మంగళవారం పొద్దున ఢిల్లీలో దిగుతారు. మంగళ, బుధ, గురువారాలు చూడటానికి, శుక్రవారం సాయంత్రం తిరుగు రైలు, శనివారం సాయంత్రానికి ఇల్లు. ఆఫీసుకి ఐదు రోజుల సెలవు పెడితే చాలు, ఆదివారం బట్టలు ఉతుక్కోవడానికి మిగులుతుంది. మూతపడే సోమవారం రైల్లోనే గడిచిపోవడం ఇందులో అసలు లాభం.

సెలవులు అలా కుదరక సోమవారం ఢిల్లీలోనే ఉండాల్సి వస్తే కంగారేం లేదు. ఆ రోజుని కుతుబ్ మీనార్‌కీ హుమాయూన్ సమాధికీ పెట్టేసుకోండి. కానీ ఆ సంగతి ఇంటి దగ్గరే తేల్చుకోవాలి.

ఏ నెల

ఫిబ్రవరి, మార్చి మొదటి సగం అన్నిటికంటే మంచిది. చలి తగ్గుతుంది, ఎండ ముదరదు. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌ని ఏటా జనం కోసం తెరిచేది కూడా ఈ రోజుల్లోనే. అక్టోబర్ మొదటి రెండు మూడు వారాలు కూడా బాగుంటాయి. దీపావళి దగ్గరకొచ్చేసరికి పొగ మొదలవుతుంది, నవంబర్‌లో గొంతు మండుతుంది. ఆస్తమా ఉన్నవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఆ నెల వద్దనే నా మాట.

డిసెంబర్ చివరి నుంచి జనవరి అంతా పొగమంచు. చలికి స్వెటర్ వేసుకోవచ్చు, మంచుకి మందు లేదు. ఝాన్సీ దాటాక రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. సంక్రాంతి సెలవులు కదా అని చాలామంది అప్పుడే వెళ్తారు. వెళ్లండి గానీ, దిగిన రోజుకి ఏ బుకింగూ పెట్టుకోకండి. పైగా జనవరి 26 దగ్గర పడే కొద్దీ రిహార్సల్స్ వల్ల కర్తవ్య పథ్ చుట్టూ రోడ్లు మూస్తారు. ఆగస్టు 15కి ముందు ఎర్రకోటలోకి కొన్ని రోజులపాటు సందర్శకులను రానివ్వరు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేడి గురించి చెప్పక్కర్లేదు. పిల్లల సెలవులని మేలో వెళ్లక తప్పకపోతే ఉదయం పదకొండు లోపు, సాయంత్రం ఐదు తర్వాత మాత్రమే బయట తిరిగేలా చూసుకోండి.

ఏ రైలు

హైదరాబాద్ నుంచి రోజూ ఉండేది తెలంగాణ ఎక్స్‌ప్రెస్, నంబరు 12723. నాంపల్లిలో ఉదయం ఆరు గంటల ప్రాంతంలో బయల్దేరి మర్నాడు ఉదయం ఏడున్నర దాటాక న్యూఢిల్లీ చేరుతుంది. ఒక పగలు, ఒక రాత్రి. ఒకప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అని పిలిచింది దీన్నే. ఇప్పుడు ఏపీ ఎక్స్‌ప్రెస్ అంటే విశాఖపట్నం నుంచి విజయవాడ, వరంగల్ మీదుగా న్యూఢిల్లీ వెళ్లే 20805. విజయవాడ వాళ్లకి దాంతోపాటు తమిళనాడు, గ్రాండ్ ట్రంక్, కేరళ ఎక్స్‌ప్రెస్‌లు కూడా ఉన్నాయి. కేరళ ఎక్స్‌ప్రెస్ తిరుపతి, నెల్లూరు మీదుగా వస్తుంది కాబట్టి అటువైపు వాళ్లకి నేరుగా పనికొస్తుంది. అనంతపురం, గుంతకల్లు వాళ్లకి కర్ణాటక ఎక్స్‌ప్రెస్. విజయనగరం వైపు నుంచి రాయగడ, రాయ్‌పూర్ మీదుగా వెళ్లే సమతా ఎక్స్‌ప్రెస్ వారంలో అన్ని రోజులూ ఉండదు.

బెంగళూరు నుంచి సికింద్రాబాద్ మీదుగా వెళ్లే రాజధాని ఎక్స్‌ప్రెస్ వేగంగా వెళ్తుంది, భోజనం కూడా పెడతారు. కానీ దాని చార్జీ సీట్లు నిండే కొద్దీ పెరుగుతుంది. నలుగురు మనుషుల కుటుంబానికి ఆ తేడాతో ఢిల్లీలో ఇంకో రాత్రి బస వచ్చేస్తుంది. ఒంటరిగా, తొందరగా వెళ్లాలనుకుంటే రాజధాని. ఇంటిల్లిపాదీ అయితే మామూలు సూపర్‌ఫాస్ట్‌లో థర్డ్ ఏసీ. స్లీపర్ చవకే గానీ మేలో నాగ్‌పూర్ ఎండ, జనవరిలో భోపాల్ తర్వాతి చలి రెండూ కిటికీలోంచి నేరుగా మీ మీదికే వస్తాయి.

రైలు ఎంచుకునేటప్పుడు అది న్యూఢిల్లీ వెళ్తుందా, హజ్రత్ నిజాముద్దీన్ వెళ్తుందా చూడండి. రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి. రాజధాని, సమతా, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్‌లు నిజాముద్దీన్‌లో ఆగిపోతాయి. హోటల్ బుక్ చేసేటప్పుడు ఈ సంగతి మర్చిపోతే పొద్దున్నే ఆటోవాడికి అదనంగా సమర్పించుకోవాలి.

టికెట్: అరవై రోజుల లెక్క

రిజర్వేషన్ ఇప్పుడు 120 రోజుల ముందు కాదు. 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులకు తగ్గించారు. ప్రయాణం రోజు ఆ అరవైలోకి రాదు. ఉదయం 8 గంటలకు తెరుస్తారు. మన సోమవారం రైలుకి అరవై రోజులు వెనక్కి లెక్కేస్తే గురువారం వస్తుంది. శుక్రవారం తిరుగు రైలుకి సోమవారం వస్తుంది. అంటే వెళ్లే టికెట్, వచ్చే టికెట్ ఒకే రోజు తీయలేరు. మధ్యలో నాలుగు రోజులుంటాయి. ముందుది దొరికింది కదా అని రెండోదాన్ని నిర్లక్ష్యం చేసి, తిరుగు టికెట్ వెయిటింగ్‌లో పెట్టుకుని ట్రిప్పంతా టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఫోన్‌లో రెండు అలారాలు పెట్టుకోండి.

ఇంకో మెలిక ఉంది. ఈ అరవై రోజులు మీరు ఎక్కే రోజు నుంచి కాదు, రైలు మొదటి స్టేషన్‌లో బయల్దేరే రోజు నుంచి లెక్క. కేరళ ఎక్స్‌ప్రెస్ తిరువనంతపురంలో సోమవారం మధ్యాహ్నం బయల్దేరితే విజయవాడకి వచ్చేది మంగళవారం. మీరు మంగళవారం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని కూర్చుంటే, బుకింగ్ అప్పటికే ముందు రోజు తెరిచేసి ఉంటుంది. తత్కాల్‌కీ ఇదే లెక్క. హైదరాబాద్‌లో బయల్దేరే రైళ్లకు ఈ బాధ లేదు.

బుకింగ్ రోజు కంటే ముందే చేసి పెట్టుకోవాల్సినవి మూడు. ఐఆర్‌సీటీసీ ఖాతాకి ఆధార్ ధ్రువీకరణ పూర్తి చేయాలి. తెరిచిన మొదటి రోజు ఆన్‌లైన్‌లో ముందు అవకాశం ఆధార్ ఉన్న ఖాతాలకే, ఆన్‌లైన్ తత్కాల్ అయితే అది లేకుండా అసలు కుదరదు. రెండోది, వెళ్లేవాళ్లందరి పేర్లు, వయసులు ఆ ఖాతాలోనే ఉండే మాస్టర్ లిస్టులో ఎక్కించాలి. ఎనిమిది కొట్టగానే అత్తగారి వయసెంతో అడగడానికి ఫోన్ చేసే టైం ఉండదు. మూడోది, డబ్బు కట్టడానికి యూపీఐ గానీ ఐఆర్‌సీటీసీ వాలెట్ గానీ సిద్ధంగా ఉంచాలి.

పెద్దవాళ్లు ఉంటే లోయర్ బెర్తు గురించి. అరవై దాటిన మగవాళ్లకి, నలభై ఐదు దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్తు కోటా ఉంది. కానీ ఆ కోటా ఒకరికో ఇద్దరికో టికెట్ తీస్తేనే పనిచేస్తుంది. ఆరుగురిని ఒకే టికెట్‌లో పెడితే నానమ్మకి అప్పర్ బెర్తు వచ్చినా ఆశ్చర్యం లేదు. అందుకే పెద్దవాళ్లిద్దరికీ విడిగా ఒక టికెట్, మిగతావాళ్లకి మరొకటి తీయండి. బోగీలు వేరు పడే ప్రమాదం ఉంది గానీ, రాత్రి అందరూ పడుకునేవాళ్లే కదా. వృద్ధులకి ఇచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఐదేళ్ల లోపు పిల్లలకి బెర్తు అక్కర్లేదంటే టికెట్ ఉండదు. ఐదు నుంచి పన్నెండు లోపు వాళ్లకి విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ కట్టాలి. ఢిల్లీ ప్రయాణానికి కట్టేయడమే మంచిది. ఎనిమిదేళ్ల పిల్లాడిని పక్కన పడుకోబెట్టుకుని రాత్రంతా రైల్లో నిద్రపోయిన తల్లిని నేనింకా చూడలేదు.

వెయిటింగ్ లిస్టు వస్తే పక్కన ఏ అక్షరాలున్నాయో చూడండి. జీఎన్‌డబ్ల్యూఎల్ అయితే ఆశ ఉంది, రైలు బయల్దేరే చోటి కోటా అది. ఆర్ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అంటే మధ్య స్టేషన్ల కోటా, అవి కదలడం కష్టం. కాజీపేటలో ఎక్కేవాళ్లు చేసుకోగల ఉపాయం ఒకటుంది. టికెట్ హైదరాబాద్ నుంచి తీసి, బోర్డింగ్ స్టేషన్ కాజీపేట అని పెట్టుకోవచ్చు. చార్జీ కొంచెం ఎక్కువ, దొరికే అవకాశం అంతకంటే ఎక్కువ. పూర్తిగా వెయిటింగ్‌లోనే మిగిలిన ఆన్‌లైన్ టికెట్ చార్టు పడగానే దానంతటదే రద్దయి డబ్బు వెనక్కి వస్తుంది. దానితో రైలెక్కకూడదు. ఆర్ఏసీ అయితే ఎక్కొచ్చు, సైడ్ లోయర్‌ని ఇద్దరు పంచుకోవాలి.

తత్కాల్ ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కి 11కి ఒక రోజు ముందు తెరుస్తారు. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేసుకుంటే పైసా రాదు. సరదాగా చూడ్డానికి వెళ్లే ప్రయాణానికి తత్కాల్ మీద ఆధారపడకండి. నలుగురికి ఒకేసారి దొరకడం లాటరీయే.

బస ఎక్కడ

మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉందా లేదా అన్న ఒక్కటే చూడండి. పహాడ్‌గంజ్ చవక, న్యూఢిల్లీ స్టేషన్‌కి ఆనుకుని ఉంటుంది. కానీ సందులు ఇరుకు, గదులు మరీ చిన్నవి. కుటుంబంతో వెళ్లేవాళ్లకి కరోల్‌బాగ్ నయం, బ్లూ లైన్ మెట్రో ఉంది. ఒక్క రాత్రి చాలనుకుంటే స్టేషన్‌లోని రిటైరింగ్ రూములు పీఎన్‌ఆర్ నంబరుతో ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు.

పొద్దున ఎనిమిదికి దిగితే హోటల్లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. ముందే ఫోన్ చేసి, త్వరగా ఇస్తారా, లేకపోతే సామాను పెట్టుకుని ముఖం కడుక్కోనిస్తారా అని అడగండి. కుదరదంటే స్టేషన్ క్లాక్‌రూమ్ ఉంది. తాళం వేయని బ్యాగుని తీసుకోరు, కాబట్టి ప్రతి బ్యాగుకీ చిన్న తాళం ఉండాలి.

రైల్లో

మొదటి పగలంతా ఇంటి తిండే. పులిహోర, చపాతీలు, కారప్పొడి. పెరుగన్నం మధ్యాహ్నం లోపే తినేయాలి. రాత్రికి ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో పీఎన్‌ఆర్ కొట్టి, దారిలో వచ్చే స్టేషన్‌కి భోజనం తెప్పించుకోవచ్చు, సీటు దగ్గరికే వస్తుంది. గుర్తింపు కార్డు ఒరిజినల్ ఒకరి దగ్గరైనా ఉండాలి. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లలో కరెంటు ఉండదు, పదిన్నరకే ఫోన్లు నింపుకోండి. మిడిల్ బెర్తు వేసుకునే హక్కు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే. ఏ ఇబ్బంది వచ్చినా 139కి ఫోన్ చేయొచ్చు.

ఇక కిటికీ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పగలంతా నడిచే రైలు కాబట్టి ఫోన్లు పక్కన పెట్టాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. రామగుండం దాటాక గోదావరి వస్తుంది. బల్లార్షా నుంచి మహారాష్ట్ర. నాగ్‌పూర్ తర్వాత సాయంత్రం వేళకి సాత్పురా కొండలు, సొరంగాలు. ఇటార్సీ దాటిన కాసేపటికి నర్మదాపురం దగ్గర వంతెన మీద నర్మదను దాటుతారు. పాత పేరు హోషంగాబాద్.

ఆ వంతెన మీద పిల్లలకి చెప్పాల్సిన సంగతి ఒకటుంది. 1323లో ఓరుగల్లు పడిపోయాక కాకతీయ ప్రతాపరుద్రుణ్ణి బందీగా పట్టుకుని ఢిల్లీకి తీసుకెళ్లారు. ఆయన ఢిల్లీ చేరలేదు. దారిలో నర్మదా తీరాన కన్నుమూశాడని ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం చెబుతుంది. పొద్దున కాజీపేటలో ఇడ్లీ తిని రాత్రికి నర్మద దాటే మనకి, ఆ దారి పొడవు ఎంతో అప్పుడు తెలుస్తుంది.

దిగాక

న్యూఢిల్లీ స్టేషన్‌కి రెండు ముఖాలు. ఒకటో ప్లాట్‌ఫారం వైపు పహాడ్‌గంజ్, పదహారో ప్లాట్‌ఫారం వైపు అజ్మీరీ గేట్. మెట్రో ఎక్కాలంటే అజ్మీరీ గేట్ వైపు వెళ్లాలి. అటు ఎల్లో లైన్, ఎయిర్‌పోర్ట్ లైన్ రెండూ ఉన్నాయి. పహాడ్‌గంజ్‌లో హోటలైతే ఇటు. తప్పు వైపు బయటికొస్తే పైవంతెన ఎక్కి సామానుతో మొత్తం స్టేషన్ దాటాలి. నిజాముద్దీన్‌లో దిగినవాళ్లకి దగ్గరలో పింక్ లైన్ ఉంది.

మెట్లు దిగుతుండగానే ఎవరో ఒకరు పలకరిస్తారు. "మీ హోటల్ మూసేశారు", "ఆ రోడ్డు బంద్", "గవర్నమెంట్ టూరిస్ట్ ఆఫీసుకి తీసుకెళ్తా" లాంటి మాటలు. సమాధానం చెప్పకుండా నడవడమే మందు. ఆటో కావాలంటే ప్రీపెయిడ్ బూత్ దగ్గర గానీ యాప్‌లో గానీ తీసుకోండి.

మెట్రో గురించి రెండు ముక్కలు. మనిషికో టికెట్ కావాలి, ఒక కార్డుతో ఇద్దరు వెళ్లలేరు. మూడు రోజులు తిరిగేవాళ్లకి టూరిస్ట్ కార్డు ఉంది, కౌంటర్లో అడిగితే ఇస్తారు. లేదంటే ఫోన్లోనే క్యూఆర్ టికెట్ తీసుకోవచ్చు. రైలు వెళ్లే దిశలో మొదటి బోగీ ఆడవాళ్లది. మగవాళ్లు తెలియక ఎక్కి మాటలు పడుతుంటారు.

మంగళవారం: కొత్త ఢిల్లీ

రైలు అలసట ఉంటుంది కాబట్టి మొదటి రోజు తేలిగ్గా పెట్టుకోండి. స్నానాలు, టిఫిన్ అయ్యాక ఒక్క మ్యూజియం చాలు. తీన్‌మూర్తి దగ్గరి ప్రధానమంత్రి సంగ్రహాలయ 2022లో తెరిచారు. మన పీవీ నరసింహారావు గారి కాలం, 1991 ఆర్థిక సంస్కరణలు పిల్లలకి చూపించడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లయితే నేషనల్ మ్యూజియం. మొహెంజోదారో నాట్యగత్తె బొమ్మ అక్కడే ఉంది. ఫొటోల్లో చూసి పెద్ద విగ్రహం అనుకుంటాం. అరచేతిలో పట్టేంత ఉంటుంది. నాగార్జునకొండ శిల్పాలు కూడా అక్కడ ఉన్నాయి, అడిగి మరీ చూడండి.

సాయంత్రం ఇండియా గేట్. 1931లో పూర్తయిన 42 మీటర్ల కట్టడం. దాని వెనకే 2019లో కట్టిన జాతీయ యుద్ధ స్మారకం ఉంది, గ్రానైట్ గోడల మీద అమర జవాన్ల పేర్లు చెక్కారు. చీకటి పడే ముందే వెళ్తే రెండూ చూడొచ్చు. అక్కడికి దగ్గరలోనే అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్. ఢిల్లీవాళ్లే క్యూ కట్టి తినే భోజనం అది. కాకపోతే అది అందరికీ తెలిసిన చోటు, మధ్యాహ్నం జనం విపరీతంగా ఉంటారు.

రాష్ట్రపతి భవన్ లోపల చూడాలంటే ఆన్‌లైన్‌లో స్లాటు ముందే తీసుకోవాలి. రైలు టికెట్ ఖాయమైన రోజే ఇది కూడా చేసేయండి. పార్లమెంటు భవనం మాత్రం బయటి నుంచి చూడటమే.

బుధవారం: పాత ఢిల్లీ, అక్షరధామ్

వయలెట్ లైన్‌లో లాల్ ఖిలా స్టేషన్‌లో దిగితే ఎర్రకోట ఎదురుగా ఉంటారు. ఆన్‌లైన్ టికెట్ తీసుకుంటే క్యూ తప్పుతుంది, పదిహేనేళ్ల లోపు పిల్లలకి పురావస్తు శాఖ కట్టడాల్లో ప్రవేశం ఉచితం. షాజహాన్ 1639లో మొదలుపెట్టించిన కోట ఇది. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు సైన్యం లోపలి భవనాల్లో చాలావాటిని కూల్చి బారకాసులు కట్టింది. అది తెలియకపోతే ఇంత పెద్ద కోటలో ఇంత ఖాళీ ఏమిటి అనిపిస్తుంది. ఆజాద్ హింద్ ఫౌజు అధికారులను 1945లో విచారించింది కూడా ఈ కోటలోనే. నేతాజీ మీద లోపల ఒక మ్యూజియం ఉంది.

కోట నుంచి చాందినీ చౌక్‌లోకి నడిచి వెళ్లండి, రిక్షా అయినా సరే. జామా మసీదు నమాజు వేళల్లో బయటివాళ్లకి తెరవరు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. పరాఠేవాలీ గలీలో నేతిలో వేయించిన పరాఠాలు తిని, గురుద్వారా సీస్‌గంజ్‌లో కాసేపు కూర్చుంటే మధ్యాహ్నం అయిపోతుంది.

అక్కడి నుంచి అక్షరధామ్‌కి మెట్రోలో వెళ్లడం తేలికే గానీ ఒక చోట జాగ్రత్త. చాందినీ చౌక్‌లో ఎల్లో లైన్ ఎక్కి రాజీవ్ చౌక్‌లో దిగి బ్లూ లైన్‌కి మారాలి. బ్లూ లైన్ యమునా బ్యాంక్ దగ్గర రెండుగా చీలుతుంది. వైశాలి వైపు వెళ్లే బండి ఎక్కితే అక్షరధామ్ రాదు. నోయిడా వైపు బండే ఎక్కాలి, బోర్డు చూసి ఎక్కండి.

అక్షరధామ్ లోపలికి ఫోను, కెమెరా, బ్యాగు, తిండి ఏవీ రానివ్వరు. అన్నీ గేటు బయట కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. ఫోన్లు లేకుండా లోపల ఒకరినొకరు వెతుక్కోవడం కష్టం కాబట్టి, తప్పిపోతే ఎక్కడ కలవాలో గేటు దగ్గరే అనుకోండి. సాయంత్రం నీటి ప్రదర్శన చూడాలనుకుంటే మూడు, నాలుగు గంటలకల్లా లోపల ఉండాలి.

గురువారం: దక్షిణ ఢిల్లీ

ఈ రోజు పొద్దున్నే లేవాలి. కుతుబ్ మీనార్ సూర్యోదయానికే తెరుస్తారు. ఏడున్నరకి వెళ్తే గుంపులు ఉండవు. ఎల్లో లైన్‌లో ఆ పేరుతోనే స్టేషన్ ఉంది గానీ, అక్కడి నుంచి మీనార్‌కి ఆటో ఎక్కాలి.

మీనార్ ఎత్తు దాదాపు 73 మీటర్లు. పైకి ఎక్కనివ్వరు, 1981లో లోపలి మెట్ల మీద తొక్కిసలాట జరిగాక ఆపేశారు. అందరూ మీనార్ ముందు ఫొటోలు దిగి వెళ్లిపోతారు. కాసేపు ఆగి పక్కన మసీదు వసారాలో స్తంభాలు దగ్గర్నుంచి చూడండి. గొలుసులకి వేలాడే గంటలు, పూర్ణకుంభాలు, తీగలు చెక్కి ఉంటాయి. ఒక స్తంభం మీద ఇంకో స్తంభం నిలబెట్టి ఎత్తు సరిపెట్టిన అతుకులు కూడా కనిపిస్తాయి. ఇరవై ఏడు ఆలయాల రాళ్లు వాడారని అక్కడి శాసనమే చెబుతుంది. ముంగిట్లో గుప్తుల కాలపు ఇనుప స్తంభం, పదహారు వందల ఏళ్లుగా ఎండకీ వానకీ తుప్పు పట్టలేదు. ఇంకాస్త అవతల మొండిగా మిగిలిపోయిన అలాయ్ మీనార్ ఉంది. అల్లావుద్దీన్ ఖిల్జీ కుతుబ్‌కి రెండింతలు కట్టాలనుకుని మొదలుపెట్టాడు, ఒక అంతస్తుతో ఆగిపోయింది. మాలిక్ కాఫూర్‌ని ఓరుగల్లు మీదికి పంపిన ఖిల్జీ ఇతనే.

తర్వాత లోటస్ టెంపుల్. 1986లో కట్టిన బహాయీ మతంవాళ్ల మందిరం, ఇరవై ఏడు పాలరాతి రేకులు. లోపల మాట్లాడకూడదు. కల్కాజీ మందిర్ స్టేషన్ దగ్గర. క్యూ మరీ పొడుగ్గా ఉంటే బయటి నుంచి చూసి కదిలిపోండి. ఆ టైం హుమాయూన్ సమాధికి ఇవ్వడం మేలు.

ఢిల్లీ మొత్తంలో నాకు నచ్చిన కట్టడం హుమాయూన్ సమాధే. తాజ్‌మహల్ కంటే దాదాపు ఎనభై ఏళ్లు ముందుది. తాజ్‌లో చూసే తోట, ఎత్తైన అరుగు, నడుమ గుమ్మటం అన్నీ ఇక్కడే మొదటిసారి అంత పెద్దగా కనిపిస్తాయి. 1857లో ఆఖరి మొఘల్ బహదూర్ షా జఫర్ తలదాచుకుని పట్టుబడింది ఈ ఆవరణలోనే. 2024లో ఇక్కడ కొత్త మ్యూజియం కూడా తెరిచారు. సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే ఎర్రరాయి మీద ఎండ ఏటవాలుగా పడి బాగుంటుంది. పక్కనే సుందర్ నర్సరీ, పిల్లలు పరుగెత్తడానికి.

ఆగ్రా కలపాలా

మూడు రోజుల్లో ఆగ్రా ఇరికిస్తే ఢిల్లీ సగమే మిగులుతుంది. నాలుగో రోజు ఉంటేనే కలపండి. నిజాముద్దీన్ నుంచి ఉదయం వెళ్లే గతిమాన్ ఎక్స్‌ప్రెస్ గంటా నలభై నిమిషాల్లో ఆగ్రా కంటోన్మెంట్ చేరుస్తుంది, శుక్రవారం నడవదు. తాజ్ కూడా ఆ రోజే మూత కాబట్టి గొడవ లేదు. కొందరు వెళ్లేటప్పుడే ఆగ్రాలో దిగిపోతారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ అక్కడికి తెల్లవారకముందే వస్తుంది. సామాను క్లాక్‌రూమ్‌లో పెట్టి, సూర్యోదయానికి తాజ్ చూసి, సాయంత్రం ఇంకో రైల్లో ఢిల్లీ చేరొచ్చు. అలా అయితే ఆగ్రా దాకా ఒకటి, అక్కడి నుంచి ఒకటి, రెండు టికెట్లు విడిగా తీయాలి. చంటిపిల్లలతో మాత్రం ఆ వేళప్పుడు దిగే సాహసం వద్దు. పొగమంచు నెలల్లో తాజ్ పొద్దున కనపడనే కనపడదు.

శుక్రవారం: తిరుగు రైలు

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీలో సాయంత్రం నాలుగు ప్రాంతంలో బయల్దేరుతుంది. ఉదయం షాపింగ్‌కి జన్‌పథ్ గానీ, ఐఎన్ఏ దగ్గరి దిల్లీ హాట్ గానీ, ఏదో ఒకటే పెట్టుకోండి. వేంకటేశ్వరస్వామిని చూడాలనుకునేవాళ్లకి గోల్ మార్కెట్‌లో టీటీడీ ఆలయం ఉంది. హోటల్ ఖాళీ చేసేటప్పుడు సామాను అక్కడే ఉంచమని అడగండి, ఒప్పుకుంటారు.

రైలు ఎక్కడుందో రైల్వేవాళ్ల ఎన్‌టీఈఎస్‌లో గానీ రైల్‌వన్ యాప్‌లో గానీ చూసుకుని బయల్దేరండి. శీతాకాలంలో మీరెక్కే స్టేషన్‌కి రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే, రైలు బయల్దేరేలోపు టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోసం పెట్టే అర్జీ, వేస్తే పూర్తి డబ్బు వెనక్కి వస్తుంది. స్టేషన్‌కి మధ్యాహ్నం మూడింటికే చేరాలి. బ్యాగుల స్కానింగ్ దగ్గర క్యూ ఉంటుంది, ప్లాట్‌ఫారం నంబరు బోర్డు మీద చివర్లో మారడం కూడా అరుదేమీ కాదు. రాత్రి భోజనం స్టేషన్ బయటే కట్టించుకోండి, మర్నాడు మధ్యాహ్నానికి ఈ-కేటరింగ్‌లో నాగ్‌పూర్ తర్వాత వచ్చే స్టేషన్ ఏదైనా ఎంచుకోవచ్చు.